ఆమె పక్కన పెట్టని ఫలితం

పెళ్ళిచూపులకు ఆత్మకూరు వెళ్ళిన రోజు మా నాయన అడిగిన మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు విని గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"హైదరాబాదులో ఏం పని చేస్తా ఉండావమ్మా?" అన్నాడు నాయన.

ఆ అమ్మాయి తలెత్తి, "ఎలుకల మీద పరిశోధన చేస్తా ఉండానండీ," అంది.

నాయనది మర్రిపాడు దగ్గర మెట్ట సేద్యం. వాన పడితే కంది, సజ్జ. పడకపోతే మేకలే దిక్కు. ఎలుక అంటే ఆయనకు తెలిసింది ఒకటే, కల్లంలో గింజలు తినేది. కొంచెంసేపు ఆలోచించి, "ఎలకలకి ఏం రోగమొచ్చింది?" అని అడిగాడు.

"వాటికి రోగం లేదండీ. మన ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలు ఉంటాయి గదా, అట్టాంటివే ఎలుకల ఒంట్లోనూ ఉంటాయి. అక్కడ చూస్తే మనకి కొంచెం తెలుస్తాది."

"కొంచెమేనా?"

"కొంచెమే," అంది ఆమె. నవ్వలేదు, సిగ్గుపడలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

నేను ఉదయగిరిలో హైస్కూలు లెక్కల మాస్టర్ని. ఆమె తండ్రి చాలా ఏళ్ళ క్రితమే చనిపోయాడు. తల్లి నర్సు, కూతుర్ని ఒక్కతే పెంచి చదివించింది. రెండు కుటుంబాలూ తాతల కాలం నుంచి బాప్టిస్టులే కాబట్టి మాట్లాడుకోవడానికి పెద్ద చిక్కులేమీ లేవు. తిరిగి బస్టాండుకు నడుస్తుంటే నాయన అన్నాడు, "ఆ పిల్ల లేనిది చెప్పదు రా. నీకు నచ్చితే నాకేం అడ్డం లేదు." నాకు అప్పటికే నచ్చింది.

పెళ్ళయిన కొత్తలో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సులో వస్తూ ఆమె తన పని గురించి మొదటిసారి వివరంగా చెప్పింది. మధ్యాహ్నం ఎండకు బస్సు రేకు కాలుతోంది. నేను జీవశాస్త్రాన్ని పదో తరగతితోనే వదిలేసిన మనిషిని. అది తెలుసుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

మన రక్తంలో నేచురల్ కిల్లర్ కణాలని ఉంటాయట. పేరు వింటే భయం వేస్తుంది కానీ అవి మన పక్షమే. వైరస్ పట్టిన కణాన్నో, కాన్సరుగా మారుతున్న కణాన్నో కనిపెట్టి చంపుతాయి. దేన్ని చంపాలి, దేన్ని వదలాలి అనేది వాటి పైపొర మీద ఉండే రిసెప్టర్ల వల్ల తేలుతుంది. పాఠ్యపుస్తకంలో వాటినే గ్రాహకాలంటారు. వాటిలో కొన్ని కణాన్ని ఉసిగొల్పుతాయి, కొన్ని వద్దని ఆపుతాయి. రెండు వైపుల నుంచీ వచ్చే ఒత్తిడిలో ఏది ఎక్కువైతే కణం అటు మొగ్గుతుంది.

"ఉసిగొల్పే వాటిల్లో ఒకదాన్ని పట్టుకున్నాను నేను," అంది. "పుట్టుకతోనే ఆ రిసెప్టర్ లేని చిట్టెలుకలు మా దగ్గర ఉండాయి. వాటి కణాలు ఎంత చురుగ్గా ఉంటాయో చూడాల."

"ఉసిగొల్పేది లేకపోతే మందంగానే ఉంటాయి గదా."

"మా గైడ్ మేడమ్ గూడా అదే అంటారు. అందరూ అదే అనుకుంటారు. నేనూ అనుకుంటాను. కానీ ఎవురో ఒకరు చూడాల గదండీ."

ఇంత చిన్న సంగతి కోసం ఇన్ని ఏళ్ళా అని నాకు అనిపించింది. అడగలేదు. ఆమె కిటికీలోంచి కొండల వైపు చూస్తూ, కడుపులో ఎడమ పక్కన ఉండే ప్లీహం ఏం చేస్తుందో, ఎలుకలో అది ఎంత ఉంటుందో వేలి గోరు చూపించి చెబుతూ ఉంది. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలో ఉన్న వెలుగు చూసి, బస్సు ఇంకాస్త నెమ్మదిగా పోతే బాగుండు అనుకున్నాను.

పాప పుట్టాక కొన్ని నెలలు ఉదయగిరిలోనే ఉంది. సెలవు అయిపోవచ్చింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చివరికి మా నాయనే ఎత్తాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

"ఎలకల కోసం పసిబిడ్డని ఇడిసిపెట్టి పోతావామ్మా?"

"పాపని ఎవురి దగ్గరో విడిచిపెట్టి పోవడం లేదు మామయ్యా. మీ దగ్గరే గదా ఉంటాది. నా పని మాత్రం ఇంకెవురూ చెయ్యరు. సగంలో ఆపేసి వచ్చినాను."

లోపలి నుంచి మా అమ్మ అంది, "పొయ్యి రా. బిడ్డని నేను చూసుకుంటా. నేనేమన్నా కొత్తగా పెంచతా ఉండానా పిలకాయల్ని?"

ఆమె ఆ రోజు ధైర్యంగానే బస్సెక్కింది. పాపని నా చేతికిచ్చి వెనక్కి చూడకుండా వెళ్ళి కూర్చుంది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

అప్పటి నుంచి మా జీవితం రెండు చోట్ల నడిచింది. వీలు దొరికినప్పుడల్లా ఆమె నెల్లూరు దాకా రైల్లో, అక్కడి నుంచి సంగం మీదుగా ఆత్మకూరుకు బస్సులో వచ్చేది. నేను పాపని తీసుకుని ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళేవాణ్ణి. అత్తగారింట్లో ఆదివారం కలిసి ఉండి, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం. పాప మొదట్లో తల్లిని చూసి ఏడ్చేది, తర్వాత తర్వాత తల్లి వెళ్ళిపోతుంటే ఏడ్చేది. రెండోదే నయమని మా ఆవిడ అనేది.

అమ్మ పాప కోసం ఉదయగిరిలో నా దగ్గరే ఉండిపోయింది. నాయన మాత్రం మర్రిపాడు దగ్గరి ఇల్లు, మేకలు వదిలి ఎక్కువ రోజులు ఉండలేడు. అయినా మనవరాలి కోసం తరచూ వచ్చేవాడు. వచ్చినప్పుడు భోజనం ముందు ప్రార్థన ఆయనే చేసేవాడు. ఒకరోజు అలవాటు ప్రార్థన చివర ఇంకో మాట చేర్చాడు. "ప్రభువా, హైదరాబాదులో మా కోడల్ని కాపాడయ్యా. ఆ ఎలకల్ని గూడా కాపాడు."

అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. నేను ఆ సాయంత్రం ఫోన్లో మా ఆవిడకు ఈ సంగతి చెప్పాను. "మామయ్య ఏమన్నారో ఇంకోసారి చెప్పండి," అంది.

ఆ ఏడాది చలికాలంలో ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఆమె ఫోను. గొంతులో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు.

"తారుమారుగా వచ్చిందండీ," అంది.

ఏమి జరిగిందో నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఎలుకల ప్లీహం నుంచి ఆ కణాలు తీసి, ఇంకో రిసెప్టర్ ద్వారా వాటిని కదిలించి, కొన్ని గంటలయ్యాక ఎన్ని కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని తయారుచేశాయో చూస్తారు. అది ఎంత ఎక్కువ తయారైతే కణం అంత చురుగ్గా ఉన్నట్టు. ఆమె పట్టుకున్న రిసెప్టర్ లేని ఎలుకల్లో కణాలు మందగించాలి. మందగించలేదు. మామూలు ఎలుకల కణాల కంటే ఎక్కువ చురుగ్గా లేచాయి.

"ఎక్కువొస్తే మంచిదే గదా," అన్నాను.

"మంచీ చెడ్డా తర్వాత. నేను ఎక్కడో తప్పు చేసి ఉంటాను. అది ఎక్కడో చూడాల."

తర్వాతి కొన్ని నెలలు ఆమె తన తప్పును వెతుక్కుంటూ గడిపింది. నేను లెక్కల్లో తప్పు వెతికే మనిషిని, పిల్లల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. కానీ తన తప్పును తానే అంత ఓపికగా, అంత పట్టుదలగా వెతుక్కునే మనిషిని అంతకు ముందు చూడలేదు. కణాలకు గుర్తు వేయడానికి వాడిన యాంటీబాడీ పాతదేమోనని కొత్తది తెప్పించింది. ఎలుకల వయసుల్లో తేడా ఉందేమోనని సరిచూసింది. గుర్తుపట్టకుండా ఉండాలని గొట్టాల మీద పేర్లు వేరేవాళ్ళ చేత మార్పించి, ఏది ఏదో తెలియకుండా చూసింది. అయినా అదే వచ్చింది.

చివరికి ఒక లోపం దొరికింది. పోల్చడానికి పెట్టుకున్న మామూలు ఎలుకలు బయటి నుంచి తెచ్చినవి. రిసెప్టర్ లేనివి వాళ్ళ దగ్గరే పుట్టి పెరిగినవి. వేరే తిండి, వేరే గూడు, వేరే క్రిములు. తేడా రిసెప్టర్ వల్ల వచ్చిందో, పెంపకం వల్ల వచ్చిందో చెప్పలేం. ఒకే తల్లికి ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో కొన్నింటికి రిసెప్టర్ ఉండి, కొన్నింటికి లేకుండా ఉంటే, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. అంటే జతలు కట్టించి మొదటి నుంచి మళ్ళీ పెంచుకు రావాలి.

ఎండాకాలం సెలవులకు ఆత్మకూరు వచ్చినప్పుడు మనిషి చిక్కిపోయి ఉంది. అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. నెల్లూరులో ఒక కాలేజీ వాళ్ళు ఆమెను లెక్చరర్‌గా రమ్మన్నారు. జూన్‌లో చేరాలి. గైడ్ మేడమ్ కూడా వెళ్ళమనే అన్నారు. ఇప్పటిదాకా చేసిన మిగతా పనితో థీసిస్ నిండుగానే ఉంటుంది, ఈ తారుమారు ఫలితాన్ని పక్కన పెట్టు, తర్వాత వచ్చేవాళ్ళు ఎవరైనా చూసుకుంటారు అన్నారు. నేను ఆ మాట విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆత్మకూరులో ఇల్లు తీసుకుంటే ఆమె నెల్లూరుకు, నేను ఉదయగిరికి పోయి రావచ్చు. పాపని బడిలో వేసే వేళకు ముగ్గురం ఒక చోట ఉంటాం. ఒక ఇల్లు చూసి కూడా వచ్చాను.

అత్తగారు హాల్లో కూర్చుని తాటిముంజలు ఒలుస్తోంది. పాప పక్కన చేరి తింటోంది. నేను ఇంటి సంగతి చెప్పాను. మా ఆవిడ అంతా విని, చేతిలో ముంజను తినకుండా పళ్ళెంలో పెట్టేసింది.

"ఇల్లు బాగుండాదా?" అంది.

"బాగుండాది. గాలి వస్తాది. పైన వాటర్ ట్యాంకు."

"మీరు నా మీద కోపం తెచ్చుకోకుండా వినండి. మేడమ్ నా మేలు కోరే చెప్పినారు. ఆమె మాటలో తప్పేం లేదు. నాకు అది కనపడకపోయి ఉంటే హాయిగా వచ్చేసేదాన్ని. కనపడినాక పక్కన పెట్టి రావడం నా చేత కాదు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"ఏడాది. పైన గూడా పట్టొచ్చు. చివరికి అంతా నా పొరపాటే అని తేలినా తేలొచ్చు."

"పొరపాటు అని తేలితే?"

"తేలింది అని రాస్తాను."

అత్తగారు ముంజలు ఒలవడం ఆపింది. నేను లేచి వీధిలోకి వెళ్ళి, బస్టాండు దాకా ఊరికే నడిచి వచ్చాను. కోపం రాలేదు అంటే అబద్ధం. కానీ ఆ కోపానికి కారణం వెతికితే ఆమెలో ఏదీ దొరకలేదు.

రెండు రోజుల తర్వాత మర్రిపాడు వెళ్ళాను. నాయన మేకలకు కొమ్మలు నరుకుతున్నాడు. నా పక్షాన మాట్లాడతాడని ఆశతోనే అంతా చెప్పాను. ఆయన కొమ్మ కింద పడేసి చెమట తుడుచుకున్నాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లా."

"అనబాకు. నువ్వు రమ్మంటే వస్తాది. మనిషొస్తాది, మనసు ఆడనే ఉంటాది. పాప మా కాడ బాగానే ఉండాది గదా. నీకు తొందరేంది?"

పసిబిడ్డని వదిలి పోతావా అని అడిగిన మనిషి ఈయనే. ఆ మాట గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను. అక్కడి నుంచే ఆమెకు ఫోన్ చేసి, కాలేజీ వాళ్ళకు రాలేనని చెప్పేయమన్నాను. "మామయ్య పక్కన ఉండారా?" అని అడిగింది. ఫోన్ ఆయనకిచ్చాను. ఆమె ఏమందో నాకు వినపడలేదు. నాయన మాత్రం "సరే అమ్మా, సరే అమ్మా" అంటూ కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

మరుసటి ఏడాది దసరా సెలవులకు నేనూ పాపా హైదరాబాదు వెళ్ళాం. ఎలుకలుండే గదుల్లోకి బయటివాళ్ళని రానివ్వరు. కిందనే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె మాస్కు తీసి వచ్చేసరికి చెంపల మీద ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. పాప ఆ గీతల్ని వేలితో తడిమి చూసింది. తర్వాత, ఎవరు నేర్పారో తెలియదు, ఒక ప్రశ్న అడిగింది.

"అమ్మా, నువ్వు ఎలకల్ని ఏం చేస్తావు?"

నేను ఏదో చెప్పి మాట మార్చబోయాను. ఆమె నన్ను ఆపి, పాప ముందు కింద కూర్చుంది.

"పెంచుతాను తల్లీ. వాటి ఒంట్లో ఏముందో చూడాలంటే చంపాల్సి వస్తాది. నొప్పి తెలవకుండా చేస్తాను. ఇంకొకరికి అప్పజెప్పను, నేనే చేస్తాను."

"అప్పుడు ఏడుస్తావా?"

"మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ రోజు ఎక్కువ మాట్లాడబుద్ధి కాదు. అంతే."

పాప తలూపి జడ రిబ్బను సరిచేసుకోవడంలో పడింది. నాకు మాత్రం కొన్ని సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఫోన్ చేస్తే ఆమె "తిన్నారా, పాప తినిందా" అని మాత్రం అడిగి పెట్టేసే సాయంత్రాలు. నా మీద విసుగేమో అనుకునేవాణ్ణి.

తర్వాత తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కంప్యూటర్లో చూపించింది. తెర మీద రెండు గుట్టల్లాంటి గీతలు. బూడిద రంగు గుట్ట మామూలు ఎలుకల కణాలది. ఎర్రది రిసెప్టర్ లేని వాటిది. ఎర్ర గుట్ట కుడివైపుకు, అంటే ఎక్కువ వైపుకు, జరిగి ఉంది. ఆ మాత్రం నాకు చదవడం వచ్చు. ఇవి ఒకే కాన్పులో పుట్టిన అన్నదమ్ములవి అంది. అంటే తేడా పెంపకం వల్ల కాదన్నమాట. ఆమె పొరపాటూ కాదు.

"మందలో కుక్కని మాటిమాటికీ ఉసిగొల్పితే కొన్నాళ్ళకి అది పట్టించుకోవడం మానేస్తాది. ఉసిగొల్పని కుక్క చురుగ్గానే ఉంటాది. అట్టనా ఇది?" అని అడిగాను. మర్రిపాడులో పెరిగినవాణ్ణి, నాకు తట్టిన పోలిక అది.

ఆమె నా మాటను తీసిపారేయలేదు, మెచ్చుకోనూ లేదు. "కొంత వరకు అట్టనే. కానీ కుక్క పెద్దయినాక విసిగిపోతాది. ఇక్కడ కణం పెద్దయినాక మారిందా, పెరిగేటప్పుడే అట్టా తయారైందా, అది నాకు తెలవదు. ఈ మధ్య చదువుతా ఉంటే, వేరే దేశాల వాళ్ళు గూడా ఇట్టాంటిది చూసినారని తెలిసింది. నేనొక్కదాన్నే కాదు. వాళ్ళు అడిగిన ప్రశ్న గూడా ఇదే."

"ఎట్టా తెలుసుకుంటారు?"

"కణం పూర్తిగా ఎదిగినాక మాత్రమే రిసెప్టర్ పోయేటట్టు చేసిన ఎలుకలు ఉంటాయి. వాటిని తెప్పించి పెంచాల." తెర మీంచి నా వైపు తిరిగింది. "ఇంకా ఆలస్యం అవుతాది."

ఈసారి నేను బస్టాండు దాకా నడిచి రావాల్సిన అవసరం రాలేదు. "కానియ్యి," అన్నాను.

ఆ ఎలుకలు రావడానికే చాలా రోజులు పట్టింది. వచ్చాక ఒక తల్లి ఎలుక తన పిల్లల్ని తినేసింది. అలా జరగడం మామూలేనట. అయినా ఆ రోజు ఆమె గొంతు పీలగా వినిపించింది. ఈ వార్త మా అమ్మను బాగా పట్టుకుంది. అప్పటి నుంచి ఫోను రాగానే కోడలి ఆరోగ్యం అడగడానికి ముందే, "ఈసారి పిల్లలు దక్కినాయా?" అని అడిగేది. దక్కాయి అని తెలిసిన రోజు వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పింది కూడా. విన్నవాళ్ళు మేకల సంగతనుకున్నారు.

వానాకాలం వచ్చింది. స్కూల్లో మధ్యాహ్నం విరామంలో వరండాలో నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది.

"పెరిగినాక తీసేస్తే తేడా రావడం లేదండీ. చిన్నప్పటి నుంచి లేకపోతేనే వస్తా ఉండాది."

నేను లెక్క చదువుకున్నట్టు ఆ వాక్యాన్ని మళ్ళీ నాకు నేను చెప్పుకున్నాను. "అంటే ఆ రిసెప్టర్ ఊరికే ఉసిగొల్పడం ఒక్కటే కాదు," అన్నాను మెల్లగా.

"కాదు. కణం ఎదిగేటప్పుడు అది ఇంకో పని గూడా చేస్తా ఉండాది. దేనికి ఎంత కదలాలో కుదురుస్తా ఉండాది. అది లేకుండా ఎదిగిన కణం చిన్న కదలికకే లేస్తాది." తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో ఆమెకే తెలియనట్టు, ఆపుకోలేకుండా నవ్వింది. మా స్కూలు వరండాలో నిలబడి నేనూ నవ్వాను. హిందీ మాస్టారు వచ్చి ఏంది సార్ అని అడిగితే ఫోన్ చూపించి ఇంకా నవ్వాను.

గైడ్ మేడమ్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఫలితాలన్నీ చూశాక ఆమె తమ విద్యార్థులందరి ముందు, "నేను దీన్ని పక్కన పెట్టమన్నాను. ఈ అమ్మాయి పెట్టలేదు. తనే కరెక్ట్," అన్నారట. అంత పెద్ద మనిషి అంత మామూలుగా ఆ మాట అనగలిగినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. మా ఆవిడకు అలాంటి గురువు దొరకడం అదృష్టమే.

థీసిస్ మీద చివరి పరీక్షకు మా నాయన తానూ వస్తానన్నాడు. అంతా ఇంగ్లీషులో ఉంటుంది, గంటల తరబడి కూర్చోవాలి అని చెప్పినా వినలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకుని రెండో వరసలో నా పక్కన కూర్చున్నాడు. ఆమె వేదిక మీద తెరముందు నిలబడి మాట్లాడుతుంటే ఒక్కసారి కూడా అటూ ఇటూ చూడలేదు. నేను చెవిలో చెబుతున్న తెలుగు ఆయన విన్నాడో లేదో.

చివర్లో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఒకాయన అడిగాడు. ఈ రిసెప్టర్‌ను ఆపేస్తే మనుషుల్లో కణాలు చురుకై కాన్సరును బాగా చంపుతాయని చెప్పవచ్చా అని. హాలంతా ఆమె వైపు చూస్తోంది. అవునంటే ఎంత బాగుండునో అని నాకే అనిపించింది.

ఆమె తెలియదని చెప్పింది. తాను చూసింది ఎలుకల్లో, అదీ కణం ఎదిగే దశలో అని చెప్పింది. పెద్దయిన తర్వాత ఆపితే తన ఎలుకల్లోనే తేడా రాలేదు. పైగా ఆ రిసెప్టర్ గుర్తుపట్టాల్సిన శత్రువు ఎదురైనప్పుడు అది లేకపోవడం నష్టమే కావచ్చు. మనుషుల సంగతి ఇంకా చూడాలి. ఆ పెద్దాయన తలూపి ఏదో రాసుకున్నాడు.

బయట క్యాంటీన్లో టీ తాగుతూ నాయన అన్నాడు, "అంత మంది ముందర తెలవదని చెప్పింది గదరా. వణక్కుండా చెప్పింది." గ్లాసు కింద పెట్టి, "ఇంకో టీ చెప్పు," అన్నాడు. ఆయన రెండో టీ తాగడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మేము ఆత్మకూరులో ఉంటున్నాం. ఆమె నెల్లూరులో పాఠాలు చెబుతుంది. సెలవుల్లో పాత ల్యాబుకు వెళ్ళి మిగిలిన ప్రశ్నల్లో ఒకదాని మీద పనిచేసి వస్తుంది. నేను ఇంకా ఉదయగిరికే తిరుగుతున్నాను. పాప రెండో తరగతి.

ఈ మధ్య ఉదయగిరి చర్చిలో స్త్రీల కూటం వాళ్ళు ఆమెను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె ఒంట్లోని కాపలా కణాల గురించి తేలిక మాటల్లో చెప్పింది. చెప్పడం అయ్యాక ఒకామె లేచి నిలబడింది. ఆమె భర్తకు గొంతులో గడ్డ ఉన్నట్టు ఊళ్ళో చాలామందికి తెలుసు.

"నీ మందు ఎప్పుడొస్తాదమ్మా?" అని అడిగింది.

"నా దగ్గర మందు లేదక్కా. నేను చేసిన పనిలోంచి మందొస్తాదో రాదో గూడా నాకు తెలవదు."

ఆ పెద్దామె మొహం వాడిపోయింది, కూర్చోబోయింది. మా ఆవిడ ముందు నుంచి నడిచి వచ్చి ఆమె పక్కనే బెంచీ మీద చేరింది.

"అన్నని ఎవురికి చూపిస్తా ఉండారు?"

ఒకసారి నెల్లూరు వెళ్ళి గడ్డలోంచి ముక్క తీయించి పరీక్షకు ఇచ్చి వచ్చారట. రిపోర్టు తీసుకోవడానికి వెళ్ళలేదు. ఏం రాసి ఉంటుందోనని భయం. అప్పటి నుంచి ఊళ్ళో ఇచ్చిన మాత్రలే వాడుతున్నారు. మా ఆవిడ కోప్పడలేదు, బోధించలేదు. "సోమవారం నేను సెలవు పెడతాను. ఆత్మకూరులో మీ బస్సే ఎక్కుతాను. ముగ్గురం పోదాం," అంది. నలుగురం అయ్యాం, ఎందుకంటే నేనూ వెళ్ళాను.

ఆసుపత్రిలో ఆమె డాక్టరు చెప్పిన ప్రతి మాటకూ ఆగి, ఆ దంపతులకు అర్థమయ్యేలా మళ్ళీ చెప్పించింది. గడ్డ కాన్సరేనని, చికిత్స వెంటనే మొదలుపెట్టవచ్చని అన్నారు. పూర్తిగా నయమవుతుందా అంటే డాక్టరు కూడా మాట ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన చికిత్స నడుస్తోంది. వీలైనప్పుడల్లా మా ఆవిడ తోడు వెళుతుంది.

ఆ సోమవారం తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. గొంతు బొంగురుగా ఉంది, అయినా మాట్లాడాలని ఉంది.

"మీ ఆవిడ డాక్టరంట గదా సార్. ఏ డాక్టరు?"

"ఎలకల డాక్టరు," అన్నాను.

ముందు సీట్లో మా ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి దగ్గాడు. సంగం దగ్గర బ్యారేజీ కనిపించగానే ఈ ఏడు నీళ్ళు బాగా వదిలారని, కాలవ కింద వరి పచ్చగా ఉందని చెప్పసాగాడు. ముందు సీట్లో ఆమె, మందుల చీటీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, ఏ మాత్ర పొద్దున, ఏది అన్నం తిన్నాక అని ఆయన భార్యకు చదివి చెబుతోంది.